వర్తక దారులు – 6: లమాస్సీ బట్ట బాగాలేదన్నదెవరు?

గత వారం అష్షూర్ నగరంలో బయల్దేరిన గాడిదల వెంట నడిచి, ఆరు వారాల ప్రయాణం తర్వాత కానేష్ చేరాం. దారిలో ఎక్కడెక్కడ సుంకం కట్టాలో, చలికాలంలో కొండదారులు మంచుతో మూసుకుపోతే బిడారులు ఎలా ఆగిపోయేవో చూశాం. ఒక్క సంగతి మాత్రం కావాలనే వదిలేశాను. ఆ గాడిదల మీద తగరంతో పాటు బట్టల మూటలు కూడా ఉన్నాయి కదా, వాటిని నేసిందెవరు? నేసినవాళ్లకు డబ్బు ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, అసలిచ్చారా? ఈ వారం కథంతా అదే.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం పాత కథ రెండు ముక్కల్లో. కాలం క్రీ.పూ. 1900 ప్రాంతం. అష్షూర్ ఇప్పటి ఇరాక్‌లో, టైగ్రిస్ నది ఒడ్డున ఉండేది. కానేష్ ఇప్పటి తుర్కియేలో, కైసెరి పట్నానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కుల్తెపె దిబ్బ. మధ్య దూరం 1,000 కిలోమీటర్ల పైమాటే. తూర్పు నుంచి వచ్చిన తగరాన్ని అష్షూర్ వర్తకులు కొని, కంచు పోతపని జోరుగా సాగే కానేష్ వైపు తోలుకెళ్లేవాళ్లు. అష్షూర్‌లో ఒక షెకెల్ వెండి ఇస్తే 14, 15 షెకెళ్ల తగరం వచ్చేది. అదే కానేష్‌లో 7 షెకెళ్ల తగరానికే ఒక షెకెల్ వెండి ముట్టేది. షెకెల్ అంటే సుమారు 8 గ్రాములు. 60 షెకెళ్లు ఒక మీనా, అంటే అరకిలో. ఈ తూకాలు గుర్తుపెట్టుకోండి, చివరిదాకా పనికొస్తాయి.

తగరం రెట్టింపు తెస్తే, బట్ట దాదాపు మూడు రెట్లు తెచ్చేది. తగరం గనిలోంచి వస్తుంది, బట్ట మాత్రం ఇంట్లోంచి రావాలి. అష్షూర్ వర్తకులు కొంత బట్టను దక్షిణాన ఉన్న బాబిలోనియా వైపు నుంచి వచ్చే అక్కడీయుల దగ్గర కొనేవాళ్లు. ఒక ఏడాది అక్కడ అల్లర్లు రేగి సరుకు ఆగిపోయిందని, చలికాలంలోగా వస్తే కొని పంపుతామని ఒక ఉత్తరంలో ఉంది. అలాంటి రోజుల్లో వ్యాపారం మొత్తం అష్షూర్ ఆడవాళ్ల మగ్గాల మీద వాలేది. భార్య, కూతుళ్లు, అక్కచెల్లెళ్లు, ఇంటి దాసీలు కలిసి నేసేవాళ్లు. భర్తలు, కొడుకులు కానేష్‌లో కూర్చుని అమ్మేవాళ్లు.

ఇదంతా మనకెలా తెలిసిందంటే, ఆ ఇళ్లు తగలబడ్డాయి కాబట్టి. క్రీ.పూ. 1835 ప్రాంతంలో కానేష్ దిగువ పట్నం మంటల్లో పోయింది. వర్తకుల ఇళ్లలో దాచిన మట్టి పలకలు శిథిలాల కింద అలాగే ఉండిపోయాయి. ఉత్తరాలు, అప్పుపత్రాలు, బిడారుల లెక్కలు, పెళ్లి ఒప్పందాలు, కోర్టు సాక్ష్యాలు అన్నీ కలిపి ఇప్పటికి 23,000 దాకా దొరికాయి. 19వ శతాబ్దం చివర్లోనే ఈ పలకలు సంతలోకి రావడం మొదలైంది. ఎక్కడ తవ్వుతున్నారో మాత్రం ఊరివాళ్లు ఎవరికీ చెప్పలేదు. వచ్చిన పండితులు ఎత్తుగా కనిపించే దిబ్బను తవ్వి ఖాళీ చేతులతో పోయారు. 1925లో చెక్ పండితుడు బెద్రిచ్ హ్రోజ్నీకి తన దగ్గర పనిచేసే స్థానికుల ద్వారా గుట్టు తెలిసింది. పలకలు దిబ్బలో లేవు, దాని పక్కన పొలంలో ఉన్నాయి. ఆయన ఒక్క విడతలోనే వెయ్యి దాకా తీశాడు. 1948 నుంచి తహ్సిన్ ఓజ్గుచ్ నాయకత్వంలో పద్ధతిగా తవ్వకాలు సాగాయి. ఆయన భార్య నిమెత్ ఓజ్గుచ్ కూడా పేరున్న పురాతత్వవేత్త, ఆమె కూడా ఆ తవ్వకాల్లో ఉంది.

పలక అంటే మన బళ్లో పలక అంత ఉంటుందనుకోకండి. చాలావరకు అరచేతిలో ఇమిడిపోతాయి. పచ్చి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కి రాసి, ఆరాక దాని చుట్టూ పల్చని మట్టితోనే కవరు చుట్టి, పైన ముద్ర దొర్లించేవాళ్లు. ఈ వర్తకుల లిపి ఆ కాలపు ఇతర కీలాక్షరాల కన్నా తేలిక. నూట చిల్లర గుర్తులు వస్తే ఉత్తరం రాసేయొచ్చు. ఆడవాళ్లు పంపిన కొన్ని ఉత్తరాల్లో లేఖకుడు చేయని తప్పులున్నాయని, వాటిని వాళ్లే స్వయంగా రాసుకుని ఉంటారని ఫ్రెంచ్ పరిశోధకురాలు సెసీల్ మిషెల్ వాదన. ఆడవాళ్ల జీవితానికి సంబంధించిన 300కు పైగా పత్రాలను అనువదించి 2020లో ఆమె పుస్తకం వేసింది.

ఆ ఉత్తరాల్లో అందరికన్నా గట్టిగా వినిపించే గొంతు లమాస్సీది. భర్త పేరు పూషు-కేన్, కానేష్‌లో పేరు మోసిన వర్తకుడు. బతుకులో ఎక్కువ కాలం ఆయన అక్కడే. ఇక్కడ అష్షూర్‌లో ఇల్లు, పిల్లలు, మగ్గాలు, గుమ్మంలో నిలబడే సుంకం అధికారులు, అన్నీ ఆవిడ మీదే.

ఒక ఉత్తరం చూద్దాం. మొదట సరుకు లెక్క. కులుమాయ 9 బట్టలు తెస్తున్నాడు. ఇద్దిన్-సిన్ 3 తెస్తున్నాడు. ఏల అనే వాడు మోయనన్నాడు. ఇద్దిన్-సిన్ ఇంకో 5 తీసుకెళ్లమంటే కాదన్నాడు. ఇంతవరకు మామూలు పంపకం చీటీ. ఆ తర్వాత గొంతు మారుతుంది. నువ్వు పంపే బట్టలు బాగుండడం లేదని అస్తమానం రాస్తావేం? అక్కడ నీ ఇంట్లో కూర్చుని నా బట్టలకు వంకలు పెడుతున్నదెవరు? ప్రతి ప్రయాణానికీ కనీసం 10 షెకెళ్ల వెండి నీ ఇంటికి చేరాలని నేనిక్కడ నా శాయశక్తులా నేసి పంపుతున్నాను కదా. ఉత్తరం సారం ఇది.

చదివితే ముందు నవ్వొస్తుంది. నాలుగు వేల ఏళ్ల కిందటి ఇల్లాలు మొగుణ్ని దులిపేస్తోందనిపిస్తుంది. కాస్త ఆగి మళ్లీ చదవండి. ఎవరు ఎన్ని బట్టలు మోశారు, ఎవరు కాదన్నారు, ఒక్కో విడతకు ఎంత మిగలాలి, నాణ్యత మీద ఫిర్యాదు ఎవరి నోటి నుంచి వస్తోంది? ఇందులో సరుకు పంపినవాడు కొన్నవాడికి రాయాల్సినవన్నీ ఉన్నాయి. ఇదే ఉత్తరం కింద మగవాడి ముద్ర ఉంటే దాన్ని వాణిజ్య పత్రాల పెట్టెలో పెట్టేవాళ్లం. భార్య రాసింది కాబట్టి కుటుంబ కలహాల పెట్టెలో పడేస్తున్నాం.

ఇదే తరహా గొడవ ఇంకో ఉత్తరంలోనూ ఉంది. బట్టలు చిన్నవిగా ఉన్నాయని రాశావు, చిన్నవి చెయ్యమన్నది నువ్వే కదా, ఇప్పుడేమో ఒక్కోదానికి అర మీనా ఉన్ని ఎక్కువ వెయ్యమంటున్నావు, సరే వేశాను అని జవాబు. దూరపు సంతకు సరుకు చేసే నేతగాళ్లు ఎక్కడున్నా ఈ మాట అనకుండా ఉండరు. అక్కడి గిరాకీ ఆరు నెలలకోసారి మారుతుంది. ఆ కబురు ఇక్కడికి చేరేసరికి మగ్గం మీద పాత కొలత బట్ట సగం నేసి ఉంటుంది.

ఆ గిరాకీ ఎంత ఖచ్చితమైనదో చూడాలంటే పుజుర్-అష్షూర్ అనే వర్తకుడు వక్కుర్తుమ్ అనే ఆవిడకు రాసిన ఉత్తరం చదవాలి. నా దృష్టిలో కానేష్ పలకల్లో అన్నిటికన్నా విలువైన వాటిలో ఇదొకటి. మొదటి వాక్యం డబ్బు గురించే. సుంకాలు పోను నీకు రావాల్సిన 1 మీనా వెండి, నా ముద్ర వేసి, అష్షూర్-ఇదీ చేత పంపుతున్నాను అంటాడు. తర్వాత కొలతలు. ఇంతకుముందు పంపిన పల్చటి బట్ట లాంటిదే కావాలి. ఒక్కోదానికి 1 మీనా ఉన్ని అదనంగా పట్టాలి, అయినా బట్ట పల్చగానే ఉండాలి. ఒక పక్క దువ్వాలి గానీ నూగు కత్తిరించకూడదు. నేత దగ్గరగా ఉండాలి. నిండు బట్ట అయితే 9 మూరల పొడవు, 8 మూరల వెడల్పు. అంటే సుమారు నాలుగున్నర మీటర్లకు నాలుగు మీటర్లు. మన చీర వెడల్పుకు మూడింతలు పైనే. అంత వెడల్పు బట్టకు ఒక మనిషి చాలదు, మగ్గం ముందు ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నిలబడి పోగు అందించుకోవాలి.

ఉత్తరంలో ఇంకో వాక్యం ఉంది. పల్చటి బట్టలు చెయ్యడం కుదరకపోతే అక్కడ సంతలో చాలా అమ్ముతున్నారని విన్నాను, కొని పంపు అంటాడు. నేయాలా, కొనాలా అన్న నిర్ణయం ఆమెకు వదిలేశాడు. ఇంట్లో నేస్తే ఉన్ని ఖర్చు, మనుషుల తిండి ఖర్చు, పట్టే నెలలు. బయట కొంటే రొక్కం. ఏది గిట్టుబాటో తేల్చుకునే మనిషిని ఒట్టి నేతపనివాళ్ల కింద జమకట్టేస్తే ఎలా?

ఉన్ని మాట వచ్చింది కాబట్టి లమాస్సీ దగ్గరికి మళ్లీ వెళదాం. డబ్బు సంచి పంపేటప్పుడు అందులో కాస్త ఉన్ని కూడా పెట్టు, ఇక్కడ నగరంలో ఉన్ని ప్రియంగా ఉంది అని రాస్తుందావిడ. బట్ట తూర్పు నుంచి పడమరకు పోతుంటే, దాని ముడిసరుకును పడమర నుంచి తూర్పుకు తెప్పించుకోవాలని చూస్తోంది. ధర ఎక్కడ ఎక్కువో, ఎక్కడ తక్కువో, రవాణా ఎటు ఖాళీగా వస్తోందో ఆవిడకు తెలుసు. బిడారు తిరిగొచ్చేటప్పుడు సరుకంతా వెండి, బంగారమే. బరువు ఉండదు. చాలా గాడిదల్ని అక్కడే అమ్మేసి వచ్చేవాళ్లు.

ఆవిడ ఉత్తరాల్లో ఎక్కువమంది చెప్పుకునేది ఇల్లు కట్టే సంగతి. నువ్వెళ్లినప్పటి నుంచి షలిమ్-అహుమ్ అప్పుడే రెండు ఇళ్లు కట్టించేశాడు, మనమెప్పుడు కడతాం అని అడుగుతుంది. ఈ షలిమ్-అహుమ్ పూషు-కేన్‌కు వ్యాపారంలో తోడుగా ఉన్న పెద్ద వర్తకుడు. కరీంనగర్‌లోనో కోనసీమలోనో భర్త గల్ఫ్‌లో ఉన్న ఇల్లాలికి ఈ వాక్యం అనువాదం అక్కర్లేదు, పక్కింటివాళ్లు అప్పుడే రెండో అంతస్తు స్లాబు వేసేశారని ఆవిడ ఫోన్‌లో చెప్పే మాటే ఇది. అయితే ఆ ఉత్తరం అక్కడితో ఆగదు. కింద అసలు మాట ఉంది. ఇంతకుముందు అష్షూర్-మాలిక్ తెచ్చిన నా బట్టల వెండి పంపలేవా అని అడుగుతుంది. ఇంటి కోసం అడిగింది భార్య కావచ్చు. బాకీ అడిగింది మాత్రం వర్తకురాలు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దాటవేయడం న్యాయం కాదు. ఆడవాళ్ల బట్టల వెండి వాళ్లదేనని, భర్తయినా తమ్ముడైనా ఆ లెక్క వేరుగా తేల్చేవాడని చాలా ఉత్తరాలు చూపిస్తాయి. ఆ వెండితో వాళ్లు ఉన్ని కొనేవాళ్లు, తిండిగింజలు కొనేవాళ్లు, అప్పులిచ్చేవాళ్లు. కానీ పైన చూశారుగా, లమాస్సీ తన 10 షెకెళ్లను ‘నీ ఇంటికి’ చేర్చాలని కూడా అంటుంది. సంసారం సాఫీగా సాగినన్నాళ్లూ రెండు లెక్కలూ కలిసిపోతాయి. తేడా వచ్చినప్పుడే విడదీయాల్సి వస్తుంది.

తేడా వస్తే ఎలా ఉంటుందో తారామ్-కూబి రాసింది. భర్త ఇన్నాయ కూడా కానేష్ వర్తకుడే. దుబారా చేస్తున్నావని అక్కడి నుంచి ఆమెకు రాస్తున్నాడు. ఆమె జవాబు మండిపోతూ ఉంటుంది. ఏ దుబారా? నువ్వెళ్లేటప్పుడు ఒక్క షెకెల్ వెండి వదిలిపెట్టలేదు, ఇల్లు ఊడ్చి పట్టుకుపోయావు. నువ్వు వెళ్లాక నగరంలో ఘోరమైన కరువు వచ్చింది, ఇంట్లో ఒక్క మానిక బార్లీ లేదు, కొనుక్కు తింటున్నాం అంటుంది. గాజులు, ఉంగరాలు అమ్ముకుని తినమని రాశావు, ఆ గాజులెక్కడున్నాయి అని నిలదీస్తుంది. అర మీనా బంగారం పంపిన మాట నిజమేనని ఒప్పుకుంటుంది కూడా. కోపంలోనూ జమలు, ఖర్చులు తప్పు రాయలేదు.

ఈ తారామ్-కూబికి ఒక సోదరుడు ఉన్నాడు, ఇమ్ది-ఇలుమ్. ఆయనా కానేష్‌లోనే. ఆమె, షిమత్-అష్షూర్ అనే మరో ఆవిడ కలిసి ఆయనకు ఒక హెచ్చరిక పంపారు. ఇక్కడ సోది చెప్పేవాళ్లను, శకునం చూసేవాళ్లను అడిగాం, అష్షూర్ దేవుడు నిన్ను పదేపదే హెచ్చరిస్తున్నాడు, నీకు డబ్బు మీద ప్రేమ ఎక్కువ, ప్రాణం మీద తక్కువ అన్నారు. నగరంలో దేవుడి మాట, ఇంటి పరువు, కుటుంబం తరఫున అధికారులతో వ్యవహారం చూసేది ఇలాంటి ఆడవాళ్లే. మగవాళ్లు లేని ఇళ్లలో కుటుంబానికి ముఖం వీళ్లదే.

దూరంలో ఉన్న భర్తలు ఒంటరిగా ఏమీ లేరు. కానేష్‌లో స్థిరపడ్డ చాలామంది అక్కడి అమ్మాయిల్ని రెండో పెళ్లి చేసుకున్నారు. దానికి చట్టం ఒప్పుకుంది. షరతు ఏమిటంటే ఒకే ఊళ్లో ఇద్దరు భార్యలు ఉండకూడదు, ఇద్దరికీ ఒకే హోదా ఉండకూడదు. లఖీపుమ్, హతాల అనే ఇద్దరి పెళ్లి ఒప్పందం మనకు దొరికింది. ఆయన విడాకులిస్తే 5 మీనాల వెండి ఆమెకు కట్టాలి. ఆమె విడాకులిస్తే ఆమె కూడా 5 మీనాలే ఆయనకు కట్టాలి. మొగుడికీ పెళ్లానికీ సమానమైన జరిమానా అని ఈ పలకను చాలామంది మెచ్చుకుంటారు. లెక్క వేసి చూడండి. 5 మీనాలంటే 300 షెకెళ్లు. లమాస్సీ ఒక్కో విడత బట్టకు కనీసం మిగలాలనుకున్నది 10 షెకెళ్లు. అంత సంపాదించే మనిషికే అది 30 విడతల కష్టం, ఆరేసి వారాలు నడిచే బిడారులు 30. హతాల లాంటి అమ్మాయికి ఆ సమానత్వం ఎంత అందుబాటులో ఉందో మీరే అనుకోండి.

కానేష్‌లో వ్యాపారం చేసిన ఆడవాళ్లూ లేకపోలేదు. 1991లో మొదలుపెట్టి తవ్విన ఒక ఇంట్లో ఏలమ్మ కుటుంబపు పలకలు దొరికాయి. పేరు చూసి మన ఊరి అమ్మవారు అనుకునేరు, ఏలమ్మ మగవాడే, వర్తకుడు. ఆయన పోయాక ఇల్లు, బాకీలు చూసుకున్నది భార్య లమాస్సతుమ్. అసలు ఆ ప్రాంతంలో అధికారం ఉన్నచోట కూడా ఆడవాళ్లు ఉన్నారు. సుంకం ఎగ్గొట్టడానికి వర్తకులు అడ్డదారుల్లో సరుకు తోలేవాళ్లని గత వారం చెప్పుకున్నాం కదా. ఒకసారి దొంగసరుకు పట్టుబడి, అది చేరాల్సిన పూషు-కేన్‌ను కోటవాళ్లు జైల్లో పెట్టారు. అవును, మన లమాస్సీ భర్తే. కాపలా గట్టిగా ఉంది, దొంగసరుకు విషయమై లుహుసద్దియా, హురామ, షలహ్షువ పట్నాలకు రాణి ఉత్తరాలు రాసింది, నిఘా పెట్టారు, దయచేసి ఇప్పుడు ఏమీ అడ్డదారిన తేవద్దు అని ఒక వర్తకుడు తనవాళ్లకు కబురు పంపాడు. అటు మగ్గం దగ్గర ఒక స్త్రీ, ఇటు సుంకం దగ్గర ఒక స్త్రీ. మధ్యలో ఇరుక్కున్నది పూషు-కేన్.

ఇక లమాస్సీ కూతురు. పిల్ల పెద్దదైపోయింది, ఒకసారి వచ్చి అష్షూర్ దేవుడి ఒడిలో పెట్టి వెళ్లు అని తల్లి భర్తను బతిమాలిన ఉత్తరం ఉంది. ఆ పిల్ల పేరు అహహ. దేవుడికి అంకితమై పూజారిణి అయింది, పెళ్లి లేదు. ఇలాంటి పూజారిణులు అష్షూర్‌లో పేదవాళ్లేమీ కాదు, బిడారుల్లో పెట్టుబడులు పెట్టేవాళ్లు. ఆ పెట్టుబడి పద్ధతి కూడా తెలుసుకోదగ్గది. పదిమందికి పైగా కలిసి బంగారం లెక్కన వాటాలు వేసి ఒక వర్తకుడి చేతిలో పెడతారు, ఆయన ఏళ్ల తరబడి దాన్ని తిప్పుతాడు. అమూర్-ఇష్తార్ అనే వర్తకుడికి 14 మంది కలిసి ఇచ్చింది 30 మీనాల బంగారం, గడువు 12 ఏళ్లు. మధ్యలో బయటికి రావాలనుకుంటే లాభం వదులుకోవాలి. ఉమ్మడి పెట్టుబడి కంపెనీలు యూరప్‌లో పుట్టాయని చదువుకున్నవాళ్లు ఈ పలకను ఒకసారి చూడాలి.

పూషు-కేన్ చనిపోయాక కొడుకుల మధ్య, బాకీదార్లతో తగాదాలు మొదలయ్యాయి. అహహ అష్షూర్‌లో ఉండి, కానేష్‌లోని తమ్ముడో అన్నో అయిన అష్షూర్-ముత్తబ్బిల్‌కు ఇలాంటి ఒక ఉమ్మడి పెట్టుబడిలో తనకు రావాల్సిన దాని కోసం రాసింది. తల్లి ఉత్తరాలకూ కూతురి ఉత్తరానికీ గొంతులో ఎంత తేడానో. లమాస్సీ నిలదీస్తుంది. అహహ వేడుకుంటుంది, ఈ కష్టం నుంచి గట్టెక్కించు, నీ ప్రేమ చూపాల్సిన సమయం ఇదే అంటుంది. తల్లి చేతిలో మగ్గం ఉంది, బట్ట ఆపేస్తే అవతల వ్యాపారం ఆగుతుంది. కూతురి చేతిలో ఉన్నది వాటా మాత్రమే, ఆ వాటా తోబుట్టువుల చేతుల్లో 1,000 కిలోమీటర్ల దూరాన ఉంది. నన్నడిగితే, వాళ్లిద్దరి స్థానాల్లో తేడా అంతా అక్కడే ఉంది. సరుకు చేసే ఆడదాని మాటకు ఉన్న బరువు, పత్రం మీద పేరున్న ఆడదాని మాటకు లేకపోయింది.

తుర్కియే చూడ్డానికి వెళ్లే తెలుగువాళ్లూ ఉన్నారు. కప్పడోకియాలో బెలూన్ ఎక్కకుండా ఎవరూ తిరిగి రావడం లేదు. ఆ బెలూన్ల కోసం చాలామంది విమానం దిగేది కైసెరిలోనే. అక్కడి నుంచి కుల్తెపె అరగంట దూరం, వర్తకుల ఇళ్ల పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి. పలకల్ని, వాటి మట్టి కవర్లని కైసెరి మ్యూజియంలోనూ, అంకారాలోని అనతోలియా నాగరికతల మ్యూజియంలోనూ పెట్టారు. వీలైతే ఒక పూట కేటాయించండి.

వచ్చే వారం ఇదే కానేష్‌లో అప్పుల కథ. అక్కడి వర్తకుల మధ్య మామూలు వడ్డీ నెలకు మీనాకు ఒకటిన్నర షెకెల్, మన లెక్కలో రెండున్నర రూపాయల వడ్డీ.